తుఫాను వెళ్లిపోయాక మనుషులు మాయం కాకుండా: విశాఖ తీరంలో ఒక వీధి చేయవలసిన పనులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన తరువాత నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ ఫోన్లు పలకలేదు. అయినవాళ్లు క్షేమంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి చాలామంది కాలినడకన బయలుదేరవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో ఒక ఇంటి నుంచి పదహారేళ్ల పిల్ల ఎవరితోనో పనికి వెళ్లిపోతే, వెళ్లిందన్న సంగతి పక్క వీధికి తెలిసేసరికే వారం గడిచిపోతుంది. మనుషుల అక్రమ రవాణాకు కావలసింది ఆ వారమే.

ఈ వ్యాసం జాలరిపేటల్లో, కొండవాలు కాలనీల్లో, గెడ్డల పక్కన, పరిశ్రమల పక్కన నివసించేవారి కోసం, వారితో పనిచేసే డ్వాక్రా సంఘాల సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, స్వచ్ఛంద సేవకుల కోసం రాసినది. ఇందులో చెప్పిన పనులకు పెద్ద డబ్బు అక్కరలేదు. ఒక గట్టి అట్ట పుస్తకం, దానిని పట్టించుకునే ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే చాలు.

ముందుగా ఒక అపోహను తీసేయాలి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా అనగానే మన మనసులో మెదిలేది ముఖం తెలియని పరాయివాడు. 2018లో వాట్సాప్‌లో తిరిగిన ఇటువంటి పుకార్లను నమ్మి తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో అనేక చోట్ల అమాయకులను, బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేనివారిని కొట్టారు, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. నిజానికి ఇంటి గుమ్మం దాకా వచ్చేవాడు తరచుగా తెలిసినవాడే అయి ఉంటాడు. నిరుడు ఊరివాళ్లను పనికి తీసుకువెళ్లిన మేస్త్రీ కావచ్చు, దూరపు బంధువు కావచ్చు, పక్క ఊరి ఆవిడ కావచ్చు. అతడు గాలివాన రోజున రాడు. బియ్యం, పప్పు పంచే లారీలు ఆగిపోయి, ఇంటికప్పు సగమే వేసి, వడ్డీ వ్యాపారి రెండోసారి తలుపు తట్టిన తరువాత వస్తాడు. అందుచేత కాపలా కాయవలసిన కాలం తుఫాను రెండు రోజులు కాదు, దాని తరువాతి ఆరు నెలలు.

తుఫానుకు ముందే: పేర్ల పుస్తకం

మన తీరానికి తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనూ, కొంత తక్కువగా మే నెలలోనూ వస్తాయి. మే తుఫానుకు అదనపు ప్రమాదం ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన సముద్రంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది కనుక, బోటు మీద ఆధారపడిన ఇంటికి అప్పటికే రాబడి ఆగిపోయి ఉంటుంది. కాబట్టి పుస్తకాన్ని ఏడాదిలో రెండుసార్లు, ఒకసారి ఉగాది తరువాత, మరొకసారి దసరాకు ముందు సరిచూసుకోండి.

ప్రతి ఇంటికి ఒక పేజీ కేటాయించండి. ఇంట్లో ఎవరెవరున్నారు, వయసు ఎంత, పిల్లలు ఏ బడిలో ఏ తరగతి చదువుతున్నారు, ఇప్పటికే బయటి ఊళ్లలో పనిచేస్తున్నవారు ఎక్కడున్నారు, వారి ఫోను నంబరు ఏది, ఊరికి దూరంగా ఉన్న ఏ బంధువును సంప్రదించవచ్చు అన్న వివరాలు రాయండి. చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే విశాఖలో టవర్లన్నీ పడిపోయినా రాజమండ్రిలోనో రాయగడలోనో ఉన్న మేనమామ ఫోను పనిచేస్తుంది. విడిపోయిన కుటుంబమంతా ఆ ఒక్క నంబరుకు చేయాలని ముందే అనుకుంటే, అతని ద్వారా ఒకరి జాడ ఒకరికి తెలుస్తుంది.

ఒంటరి మహిళలు, తల్లిదండ్రులు వలస వెళ్లగా అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు, బడి మానేసిన ఆడపిల్లలు, అప్పు ఎక్కువగా ఉన్న ఇళ్లు, దివ్యాంగులు ఉన్న ఇళ్లు, ఈ పేజీలకు ఒక చిన్న గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు ఏమిటో పుస్తకం చూసే ఆ ఇద్దరు ముగ్గురికే తెలియాలి. ఎవరి ఇంట్లో బలహీనత ఎక్కడుందో చెప్పే జాబితా దళారి చేతికి చిక్కితే అంతకంటె మంచి ఆయుధం అతనికి మరొకటి ఉండదు. అందువల్లనే దీనిని ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకూడదు.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, బోటు రిజిస్ట్రేషన్ పత్రం, పిల్లల పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఇవన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో సిద్ధంగా ఉంచుకోండి. వీలైనవాటిని డిజిలాకర్‌లో దాచుకోండి. కాగితాలు కొట్టుకుపోయిన కుటుంబానికి పరిహారం ఆలస్యమవుతుంది, పరిహారం ఆలస్యమైతే అప్పు పుడుతుంది, అప్పు తీర్చడానికి అడ్వాన్సు ఇచ్చే మనిషి అవసరమవుతాడు. పుట్టిన తేదీ కాగితం లేని పద్నాలుగేళ్ల పిల్లకు పందొమ్మిదేళ్లని రాయించడం కూడా సులువు.

హెచ్చరిక వచ్చి కేంద్రానికి బయలుదేరేటప్పుడు చిన్నపిల్లల ముంజేతి మీద మార్కర్ పెన్నుతో ఇంటి పెద్దల నంబరు రాయండి. పిల్లల ఇటీవలి ఫొటో దూరాన ఉన్న ఆ బంధువుకు కూడా పంపి ఉంచండి. హెచ్చరిక లేకుండా వచ్చే ఆపదలు కూడా మన ఊరికి కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో పరిశ్రమ నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి వెలువడి కమ్ముకున్నప్పుడు జనం నిద్రలోంచి లేచి చీకట్లో తలో దిక్కుకు పరుగెత్తారు. అటువంటి వేళ సంచి వెతుక్కునే వ్యవధి ఉండదు గనుక, కనీసం ఒక ఫోను నంబరు పిల్లలకు పాట లాగా కంఠస్థం చేయించి ఉంచాలి.

పునరావాస కేంద్రంలో

బడిలోనో కల్యాణ మండపంలోనో తెరిచిన కేంద్రానికి చేరగానే మీ పుస్తకంతో హాజరు చూడండి. రెవెన్యూ సిబ్బంది రాసుకునే లెక్క భోజనాల కోసం, అది తలల లెక్క. మీది పేర్ల లెక్క. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి పేర్లు పిలవాలి. ఎవరైనా కేంద్రం విడిచి వెళ్తున్నప్పుడు ఎవరితో, ఎక్కడికి, ఏ వాహనంలో వెళ్తున్నారో రాసుకోవాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులు గాని, పుస్తకంలో పేరున్న సంరక్షకులు గాని తప్ప మరెవరూ బయటికి తీసుకువెళ్లకుండా చూడాలి. మేనత్తనని చెప్పినా ముందు ఆ పేజీ చూడవలసిందే.

మరుగుదొడ్ల విషయంలో మొహమాటపడకుండా తహసీల్దారును అడగండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణాల ప్రకారం శిబిరంలో 30 మందికి ఒక మరుగుదొడ్డి, స్త్రీలకు వేరుగా, శిబిరానికి 50 మీటర్ల లోపు ఉండాలి. ఇది పరిశుభ్రతకు సంబంధించిన సంగతిగా కనిపిస్తుంది గాని, కరెంటు లేని రాత్రి దూరంగా ఉన్న చీకటి దొడ్డికి ఒంటరిగా నడిచే ఆడపిల్లను ఎవరు గమనిస్తున్నారన్నది అసలు ప్రశ్న. దారిలో ఒక లైటు పెట్టించండి. ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా వెళ్లే పద్ధతి పెట్టుకోండి.

సాయం చేయడానికి వచ్చే బయటి బృందాలను తరిమివేయనక్కరలేదు. మన ఊరు అటువంటి సాయంతోనే ఎన్నోసార్లు లేచి నిలబడింది. కాని వచ్చిన ప్రతివారి పేరు, ఫోను, సంస్థ గుర్తింపు కార్డు వివరం రాసుకోండి. పిల్లల ఫొటోలు, వారి ఇంటి కథలు తీసుకోనివ్వకండి. "ఈ పాపను మా హాస్టల్లో పెట్టి ఉచితంగా చదివిస్తాం" అన్న మాట వినగానే ఆ సంగతిని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, వార్డు సచివాలయంలోని మహిళా పోలీసుకు తెలియజేయండి. మంచి సంస్థ అయితే ఆ పరిశీలనకు నొచ్చుకోదు.

ఒంటరి పిల్లవాడు కనిపిస్తే

ఇక్కడ మంచి మనసే ఎక్కువ తప్పులు చేయిస్తుంది. ఏడుస్తున్న పిల్లను చూసి మన ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాలనిపిస్తుంది. అన్నం పెట్టండి, కాని అక్కడే పెట్టండి. పిల్ల దొరికిన చోటు నుంచి వెంటనే దూరం తీసుకుపోతే, ఆ చోటికే వెతుక్కుంటూ వచ్చే తల్లికి పిల్ల దొరకదు. ఒక మహిళను తోడు ఉంచి, పిల్లల సహాయ నంబరు 1098కి గాని అత్యవసర నంబరు 112కు గాని ఫోను చేయండి. దొరికిన సమయం, చోటు, ఒంటి మీది బట్టలు, పిల్ల చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాయండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అటువంటి బిడ్డను ప్రయాణకాలం మినహాయించి 24 గంటల లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించే అధికారం ఆ కమిటీది. మనది కాదు, వార్డు పెద్దలది కాదు, కేంద్రం నడిపే అధికారిది కూడా కాదు.

"తల్లిదండ్రులు పోయారు, పెంచుకునేవారు ఉంటే ఈ నంబరుకు చేయండి" అన్న సందేశం వస్తే దానిని ఎవరికీ పంపవద్దు. 2021లో కోవిడ్ రెండో ఉధృతి సమయంలో ఇవే మాటలు దేశమంతా తిరిగినప్పుడు కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ వాటిని నమ్మవద్దని హెచ్చరించవలసి వచ్చింది. అనాథ పిల్లల దత్తత అన్నది కేంద్ర దత్తత సాధికార సంస్థ పద్ధతి ద్వారానే జరగాలి. పద్ధతి తప్పి బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. 2010లో హైతీ భూకంపం తరువాత ఒక విదేశీ మత బృందం 33 మంది పిల్లలను అనాథలని చెప్పి సరిహద్దు దాటించబోతూ పట్టుబడింది. తరువాత చూస్తే వారిలో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. మంచి బతుకు దొరుకుతుందన్న మాట నమ్మి ఆ అమ్మానాన్నలలో కొందరు తామే పిల్లలను అప్పగించారు.

అప్పు, అడ్వాన్సు, పని

ఈ భాగాన్ని మిగతావాటికంటె శ్రద్ధగా చదవండి. తుఫాను తరువాత ఊరు విడిచి పనికి వెళ్లడం తప్పు కాదు. ఉత్తరాంధ్ర ఇళ్లలో వలస లేని ఇల్లు అరుదు. హైదరాబాదు కట్టడాలకు, చెన్నై ఇటుక బట్టీలకు, గుజరాత్ తీరంలో వెరావల్ బోట్ల మీదికి మనవాళ్లు తరాలుగా వెళ్తున్నారు. పుస్తకం పట్టుకున్నవారు ఎవరినీ, ముఖ్యంగా ఆడవాళ్లను, వెళ్లవద్దని ఆపకూడదు. ఆపితే రెండోసారి చెప్పకుండా వెళ్తారు, అప్పుడు పుస్తకం ఉండీ లాభం లేదు. మన పని, వెళ్లేవారు తిరిగి రాగల దారిని తెరిచి ఉంచడం.

అందుకు మేస్త్రీని నలుగురిలో కూర్చోబెట్టి అడగండి. పని ఏ జిల్లాలో, ఏ ఊళ్లో, యజమాని పేరేమిటి, రోజుకూలి ఎంత, ఎన్ని నెలలు, అడ్వాన్సు ఎంత, దానిని నెలకు ఎంత చొప్పున కోసుకుంటారు, మధ్యలో జబ్బు చేసి తిరిగి రావాలంటే ఏం జరుగుతుంది? నిజంగా పని ఉన్నవాడు వీటిలో చాలావాటికి వెంటనే జవాబు చెప్పగలడు. "అక్కడికి వెళ్లాక చూసుకుందాం లేవే అమ్మా" అన్నవాడి పేరు కింద గీత గీయండి. అతని ఆధార్ నకలు, ఫొటో, వాహనం నంబరు తీసుకుని ఆ పేజీకి అంటించండి. ఇవ్వనని గొడవపడేవాడితో ఒక్కరిని కూడా పంపకండి. అడిగినంత మాత్రాన మోసగాళ్లందరూ బయటపడరు గాని, తన ఫొటో ఊళ్లో ఉందని తెలిసిన మనిషి మరొక ఊరిని వెతుక్కునే అవకాశం ఎక్కువ.

వెళ్లేవారికి నాలుగు మాటలు చెప్పండి. అసలు ఆధార్ కార్డు ఎవరి చేతికీ ఇవ్వకూడదు, నకలు ఇస్తే చాలు. ఒక చిన్న ఫోను, కొంత చేతి డబ్బు ఎవరికీ కనిపించకుండా ఉంచుకోవాలి. వారానికి ఒక రోజు, ఒక వేళ ఇంటికి ఫోను చేయాలి. పక్కన మనుషులు వింటున్నప్పుడు కూడా ఆపదలో ఉన్నామని తెలిపే ఒక గుర్తుమాట ముందే అనుకోవాలి. అసలు ఇంట్లో లేని ముసలమ్మ గురించి "ఎలా ఉంది" అని అడిగితే ఆపద అని అర్థం చేసుకోవడం వంటిది ఏదైనా సరిపోతుంది.

అడ్వాన్సు తీరలేదని కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 నాటి చట్టం వెట్టిచాకిరీని రద్దు చేసింది, దానికి కారణమైన అప్పును కూడా రద్దు చేసింది. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తీసుకున్న డబ్బు తీర్చకుండా వస్తే మాట పోతుందన్న అభిమానంతో బట్టీలోనే ఉండిపోయేవారు ఉన్నారు. ఆ అభిమానమే యజమానికి తాళంచెవి. అటువంటి కబురు వస్తే ఆ జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు పంపాలి, ఉచిత న్యాయసహాయం కోసం 15100కు ఫోను చేయాలి.

విదేశీ పని అయితే పరీక్ష మరింత కఠినంగా ఉండాలి. గల్ఫ్ దేశాలకు పంపే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు సైతం సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీది పన్ను మించి తీసుకోకూడదు. విజిటింగ్ వీసా మీద వెళ్లి తరువాత మార్చుకోవచ్చునని చెబితే అక్కడితో ఆగిపోండి. చదువుకున్న కుర్రాళ్లకు ఈ వల పడదనుకోవడం పొరపాటు. 2024 మే నెలలో విశాఖ నగర పోలీసులు పట్టుకున్న దళారులు మన ప్రాంతపు యువకులను డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కాంబోడియాకు పంపారు. అక్కడ వారిని నిర్బంధించి, మన దేశస్థులనే ఫోన్లలో మోసం చేసే పని చేయించారు.

పెళ్లి సంబంధాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. కట్నం అక్కరలేదు, ఖర్చులు మేమే పెట్టుకుంటామని దూరరాష్ట్రం నుంచి హడావుడిగా వచ్చిన సంబంధాన్ని, ఎంత కష్టంలో ఉన్నా సరే, అబ్బాయి ఊరికి మన మనిషి వెళ్లి చూసి వచ్చేదాకా ఖాయం చేయవద్దు. పిల్లకు 18 నిండకపోతే ఆ మాటే ఎత్తకూడదు, 1098కి చెప్పాలి.

స్టేషన్ల దగ్గర

మన వీధి నుంచి బయలుదేరినవారు సాధారణంగా రైల్వేస్టేషనుకో, ఆర్టీసీ కాంప్లెక్సుకో, జాతీయ రహదారి మీది ప్రైవేటు బస్సుల దగ్గరికో చేరతారు. కొన్ని దూరప్రాంతపు రైళ్లు విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి కనుక, సేవకులు అక్కడ కూడా ఉండడం మంచిది. ఒక పెద్దమనిషి వెంట పరస్పరం పోలికలేని నలుగురైదుగురు పిల్లలు ఉండడం, అందరి టిక్కెట్లు అతని దగ్గరే ఉండడం, ఎక్కడికని అడిగితే పిల్లలు అతని ముఖం వైపు చూడడం, ఇవి అనుమానించవలసిన గుర్తులు. ఏజెన్సీ గ్రామాల పిల్లలకు తెలుగు సరిగా రాకపోవచ్చు, అంతమాత్రాన వారు అబద్ధం చెబుతున్నట్టు కాదు. అనుమానం కలిగితే మీరే నిలదీయకుండా రైల్వే సహాయ నంబరు 139కి గాని 112కు గాని చెప్పి, బోగీ నంబరు, బట్టల రంగు వివరించండి. గుంపును పోగుచేయవద్దు. గుంపు చేరితే దళారి ముందు జారుకుంటాడు, పిల్లలు బెదిరిపోతారు, కొన్నిసార్లు నిజమైన తండ్రే దెబ్బలు తింటాడు.

మనిషి కనబడకపోతే

24 గంటలు చూసి రమ్మనే నియమం ఏ చట్టంలోనూ లేదు. వెంటనే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లండి. అది సంఘటన జరిగిన పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. తప్పిపోయినది 18 ఏళ్ల లోపువారైతే అపహరణ లేదా అక్రమ రవాణా జరిగినట్టే భావించి కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. "ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది లెండి" అన్న జవాబు ఎదురైతే ఈ మాట గుర్తు చేయండి. అక్రమ రవాణా ఫిర్యాదును నమోదు చేయకపోవడం భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షను కింద శిక్షార్హమైన నేరం కూడాను. అప్పటికీ తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా పోలీసు కమిషనరుకు రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

స్టేషనుకు వెళ్లేటప్పుడు ఇటీవలి ఫొటో, వాడిన ఫోను నంబర్లు, చివరిసారి మాట్లాడిన వేళ, మేస్త్రీ పేజీ నకలు తీసుకువెళ్లండి. ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు పోలీసులను అడగండి. చేతిలో మనిషి ఉన్న దళారి ఆ ఫొటో చూస్తే చోటు మారుస్తాడు. ఆమె ఇష్టపడే వెళ్లిందని ఎవరైనా వాదిస్తే, న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారం బాధితుల సమ్మతి లెక్కలోకి రాదని తెలుసుకోండి. ఈ నేరానికి 7 నుంచి 10 ఏళ్ల కఠిన శిక్ష ఉంది, బాధితులు పిల్లలైతే 10 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు పడుతుంది. నాలుగు నెలలైనా బిడ్డ జాడ తెలియకపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించమని అడగండి.

తిరిగి వచ్చినవారిని ఏం జరిగిందని వీధిలో ఎవరూ అడగకూడదు. చెప్పాలనుకున్నప్పుడు వారే చెబుతారు. మహిళలకు 181 ద్వారా సఖి కేంద్రంలో వైద్యం, న్యాయసహాయం, తాత్కాలిక ఆశ్రయం దొరుకుతాయి. బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టించండి. ఇంటి అప్పు అలాగే ఉంటే అదే మేస్త్రీ మళ్లీ వస్తాడు కనుక, డ్వాక్రా సంఘం నుంచి తక్కువ వడ్డీకి చిన్న రుణం ఇప్పించడం కూడా రక్షణలో భాగమే.

అక్టోబరు తుఫాను అయితే పుస్తకాన్ని సంక్రాంతికి మళ్లీ తెరవండి. ఎంత దూరంలో ఉన్నా మనవాళ్లు ఇంటికి వచ్చే పండుగ అది. కనుమ నాటి సాయంత్రం పేజీలు తిప్పుతూ ఎవరు వచ్చారో గుర్తు పెట్టండి. రానివారి ఇళ్లకు వెళ్లి, కిందటి వారం ఫోను వచ్చిందా, మాట్లాడింది ఆమేనా, గొంతు ఎలా ఉందని అడగండి. రెండు వారాలుగా ఫోను రాలేదని తెలిస్తే ఆ రాత్రే 112కు చేయండి.